కార్డినల్ అయిన ఊరి చరిత్రకారుడు

ఇంగ్లిష్‌లో ఆయన పేరు థామస్ ఫీ. ఐరిష్‌లో తొమాస్ ఓ ఫీయహ్. ఆ భాషలో ‘ఫియఖ్’ అంటే బొంతకాకి. అదే మాటకు వేట అనే అర్థం కూడా ఉంది. ఐర్లండ్ మీద ఇంగ్లిష్ పాలన బిగుసుకుని, మనుషుల పేర్లన్నీ ఇంగ్లిష్ కాగితాల మీదికి ఎక్కిన రోజుల్లో ఈ ఇంటిపేరు వాళ్లు కొందరు ‘ఫీ’లు అయ్యారు, కొందరు ‘ఫోయ్’లు అయ్యారు, ఇంకొందరికి అర్థాన్ని తర్జుమా చేసి ‘హంట్’ అని తగిలించారు. బొంతకాకి కాస్తా వేటగా మారింది. ఒక్క ఇంటిపేరు విప్పితే చాలు, ఆ నేల మీద భాష ఎలా పోయిందో, ఎవరి చేతిలో కలం ఉండేదో తెలిసిపోతుంది.

ఇలా విప్పడమే ఓ ఫీయహ్ జీవితమంతా చేసిన పని. 1977లో ఆయన ఐర్లండ్ కేథలిక్కుల ప్రధాన పీఠమైన ఆర్మాకి ఆర్చిబిషప్ అయ్యారు, 1979లో కార్డినల్, అంటే పోప్ తర్వాతి హోదా ఉన్న పెద్దల్లో ఒకరు అయ్యారు. ఉత్తర ఐర్లండ్ రక్తం ఓడుతున్న కాలంలో ఆయన మాట ప్రతిదీ పత్రికల్లో వివాదమైంది. అందుకే ఆయన్ని తలుచుకునేవాళ్లు ఎక్కువగా ఆ పదమూడేళ్లనే తలుచుకుంటారు. అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా ఆయన ఒక మామూలు గురువు (చర్చి ఫాదర్), కాలేజీ మాస్టారు, నాలుగు విచారణల (ఒక్కో చర్చి కింద ఉండే పల్లెల) చరిత్ర తవ్వుకునే మనిషి. ఆ ఇరవై ఏళ్లను పక్కన పెడితే తర్వాతి పదమూడేళ్లు అర్థం కావు.

పుట్టింది 1923 నవంబర్ 3న, దక్షిణ ఆర్మాలో, క్రాస్‌మగ్లెన్ అనే చిన్న టౌనుకు దగ్గర్లో. అప్పటికి ఐర్లండ్ రెండు ముక్కలై రెండేళ్లు; దక్షిణం విడిపోయింది, ఉత్తరం బ్రిటన్ కిందే ఉండిపోయింది. గీసిన సరిహద్దు ఆ ఇళ్లకు కూతవేటు దూరంలో పోతుంది. వాళ్ల నాన్న క్రెగాన్‌డఫ్ బడిలో హెడ్మాస్టరు. ఎనిమిదేళ్లకే తల్లి పోయింది. బడిపంతులు కొడుకు కాబట్టి పుస్తకం ఇంట్లోనే ఉంది. పాత కథలు ఇంటి చుట్టూ ఉన్నాయి.

ఆ కథల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. క్రాస్‌మగ్లెన్ చుట్టూ ఉన్న ప్రాంతానికి పాత పేరు ఫ్యూస్. అడవులు అని అర్థం వచ్చే ఐరిష్ మాట నుంచి వచ్చిన పేరు. అక్కడ ఓ’నీల్ వంశంలో ఒక శాఖ గ్లాస్‌డ్రమండ్ కోటను పట్టుకుని తరతరాలు ఏలింది. వాళ్ల పంచన కవులు బతికారు. 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లిష్ సేనాని క్రామ్‌వెల్ యుద్ధాల తర్వాత భూములు పోయాయి. కుటుంబ పెద్దను పడమటి తీరంలోని మేయోకి తోలేశారు. ఆ వంశంలో కొందరు తర్వాత స్పెయిన్ దాకా పోయి అక్కడే స్థిరపడ్డారు. కోట కూలింది, కవులు మాత్రం మిగిలారు. పోషించే దొర లేని కవులు వాళ్లు. కూలి పనులు చేసుకుంటూ, లేని దొరల కోసం ఏడుస్తూ పాటలు కట్టారు. ఐర్లండ్‌లో మరే మూలా ఇంత చిన్న చోట ఇంతమంది కవులు లేరని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. సొంత ఊరి గొప్ప కాబట్టి కొంచెం తగ్గించి వినొచ్చు గానీ, పూర్తిగా కొట్టిపారేయలేం.

ఆ కవుల్లో పెద్ద పేరు ఆర్ట్ మక్ కూయీ. 1738 ప్రాంతంలో పుట్టి 1773లో పోయాడు. ముప్పై అయిదేళ్ల బతుకు. తోటపని, పాలేరుతనం. విచారణ గురువుతో తగాదా, ఆ గురువు అక్కచెల్లెలి మీద వెక్కిరింపు పాట, దాంతో ఊరు విడిచి పోవాల్సి రావడం. పేరున్న పాట మాత్రం అక్కడి క్రెగాన్ అనే పల్లె శ్మశానం గురించి. కవి దిగులుతో ఆ సమాధుల మధ్య నిద్రపోతాడు. తెల్లారేసరికి ఒక దివ్యస్త్రీ వచ్చి, నాతో వచ్చెయ్, ఇక్కడ నీకేముంది అంటుంది. కవి ఒప్పుకుంటాడు, కానీ ఒక షరతు పెడతాడు: ఎక్కడ చచ్చినా తనని తెచ్చి క్రెగాన్ మట్టిలో తనవాళ్ల పక్కనే పూడ్చాలి. ఆ ప్రాంతానికి ఈ పాట ఇప్పటికీ జాతీయగీతం లాంటిది.

ఈ మక్ కూయీ పాటలన్నీ పరిష్కరించి, 1973లో పుస్తకంగా తెచ్చింది ఓ ఫీయహ్. గురువును వెక్కిరించి ఊరిడిచిన కవికి రెండు వందల ఏళ్ల తర్వాత ఒక గురువే సంపాదకుడయ్యాడు. ఈ తమాషా ఆయనకు తెలియకుండా ఉండదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఐర్లండ్‌లో ఊరి చరిత్రలు రాసినవాళ్లలో ఇంతమంది గురువులు ఎందుకున్నారు? ఓ ఫీయహ్ మొదటివాడు కాదు. విలియం క్యారిగన్ అనే గురువు 1905లో ఓసరీ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) చరిత్రను నాలుగు సంపుటాల్లో తెచ్చారు. వాటర్‌ఫర్డ్ వైపు ప్యాట్రిక్ పవర్ అనే గురువు 1907లో డీషిస్ ప్రాంతపు స్థలనామాలన్నీ పుస్తకంగా వేశారు. ఆ తర్వాత కార్క్ యూనివర్సిటీ కాలేజీలో పురావస్తు శాస్త్రం ప్రొఫెసర్ అయ్యారు. గురువుల కాలేజీ అయిన మెయ్‌నూత్‌లో పాఠాలు చెప్పిన పాల్ వాల్ష్ అనే ఇంకో గురువు పాత చేతిరాత ప్రతులు చదవడంలో దిట్ట. జాబితా ఇంకా చాలా పొడుగ్గా సాగుతుంది.

భక్తితో దీనికి పెద్దగా పని లేదు, చేతిలో ఉన్న పనిముట్లే అసలు కారణం. గురువుకి లాటిన్ వచ్చు. పల్లెల్లో పనిచేసేవాడు కాబట్టి చాలాచోట్ల ఐరిష్ కూడా వచ్చు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాసిన రిజిస్టర్లు ఆయన బీరువాలోనే ఉంటాయి. చావుకు, పెళ్లికి ప్రతి గడపా తొక్కుతాడు కాబట్టి ముసలివాళ్ల నోట పాత సంగతులు వింటాడు. విచారణ హద్దులు ఆయనకు కంఠతా వచ్చు. ఐర్లండ్‌లో నేలను ‘టౌన్‌ల్యాండ్’ అనే చిన్న చిన్న తునకలుగా విడగొడతారు. మన రెవెన్యూ గ్రామం కన్నా బాగా చిన్నవి, అరవై వేలకు పైగా ఉంటాయి. ప్రతిదానికీ ఒక పేరు, ఆ పేరులో ఒక పాత ఐరిష్ మాట. ఆ పేర్లను రోజూ నోటితో పలికేవాళ్లలో చదువుకున్న మనిషి చాలాచోట్ల ఆ ఊరి గురువు ఒక్కరే.

దీనికి తోడు 1922 వచ్చింది. ఆ ఏడాది జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలిపోయి తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కలు దాదాపు అన్నీ పోయాయి. వీలునామాలు పోయాయి. ప్రొటెస్టంట్లదైన ఆంగ్లికన్ చర్చి అక్కడ దాచుకున్న రిజిస్టర్లు వందల్లో పోయాయి. 1861 నుంచి 1891 దాకా ఉన్న జనాభా లెక్కల కాగితాలనైతే ప్రభుత్వమే అంతకు ముందే నాశనం చేయించింది. ఏడు వందల ఏళ్ల కాగితాలు బూడిదై డబ్లిన్ వీధుల మీద రాలాయి. కేథలిక్ విచారణల రిజిస్టర్లు మాత్రం ఆ ఆఫీసుకు ఎప్పుడూ చేరలేదు కాబట్టి గురువుల ఇళ్లలోనే బతికిపోయాయి. క్యారిగన్ లాంటివాళ్లు మంటలకు ముందే అక్కడ కూర్చుని రాసుకున్న నకళ్లకు ఒక్కరాత్రిలో అసలు విలువ వచ్చేసింది. అప్పటిదాకా ఊరి చరిత్ర రాయడం ఒక సరదా వ్యాపకం, ఆ రోజు నుంచి అది మిగిలినదాన్ని కాపాడుకునే పని అయింది.

తెలుగు పాఠకులకు ఇది పూర్తిగా కొత్త సంగతేం కాదు. మెకంజీ దొర కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫియత్తులు లేకపోతే ఆంధ్ర, రాయలసీమ ఊళ్ల పాత సంగతులు ఎన్ని మిగిలేవో ఊహించుకోవచ్చు. ఐరిష్‌లో ‘షనఖస్’ అనే మాట ఉంది. వంశాల కథ, ఊరి కథ, చోటు పేరు వెనక కథ అన్నీ కలిసిన మాట. చరిత్ర అనే మాట కన్నా కైఫియత్తు అనే మాటే దానికి దగ్గర.

ఓ ఫీయహ్ చదువు ఈ రెంటినీ కలిపింది, షనఖస్‌నూ, దాన్ని కాగితంతో తూచి చూసే శాస్త్రాన్నీ. ఆర్మాలో స్కూలు చదువు, మెయ్‌నూత్‌లో గురువు చదువు, 1948లో గురువుగా అభిషేకం. డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రాచీన ఐరిష్ చరిత్రలో ఎమ్మే. తర్వాత బెల్జియంలోని లూవేన్ యూనివర్సిటీకి వెళ్లి 1952లో చరిత్ర శాస్త్రంలో డిగ్రీ. కొద్దికాలం టైరోన్‌లోని క్లోన్‌ఫీకల్ విచారణలో సహాయ గురువు. 1953లో మెయ్‌నూత్‌లో ఆధునిక చరిత్ర లెక్చరర్, 1959లో ప్రొఫెసర్.

మెయ్‌నూత్ అంటే డబ్లిన్‌కి పడమట, కేథలిక్ గురువులకు శిక్షణ ఇవ్వడానికి 1795లో పెట్టిన కాలేజీ. ఆ పేరు మన నేలకు మరీ పరాయిది కాదు. కార్క్‌లో పుట్టి, మెయ్‌నూత్‌లో చదువుకుని గురువైన డేనియల్ మర్ఫీ 19వ శతాబ్దం మధ్యలో హైదరాబాద్‌లో బిషప్‌గా పనిచేశారు, ఆ తర్వాత ఆస్ట్రేలియా వైపు హోబార్ట్‌కి మారారు. ఓ ఫీయహ్ చేరేనాటికి మెయ్‌నూత్ నల్ల అంగీల లోకం. 1966లో మామూలు విద్యార్థులకు కూడా తలుపులు తెరిచారు. ఆ మార్పు నడిచిన ఏళ్లలో ఆయన కాలేజీ పాలనలో ఒక్కో మెట్టూ ఎక్కి 1974లో అధ్యక్షుడయ్యారు.

లూవేన్ ఆయనకు ఇచ్చింది డిగ్రీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. 1607లో ఐరిష్ ఫ్రాన్సిస్కన్లు అక్కడ ఒక కాలేజీ పెట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఉత్తరాదిని ఏలిన హ్యూ ఓ’నీల్, అతని తోటి దొరలు డొనెగాల్ తీరంలోని రాత్‌ముల్లెన్‌లో ఓడెక్కి దేశం విడిచిపోయారు. వెంట పోయిన తైగ్ ఓ కీనాన్ ఆ ప్రయాణాన్ని ఐరిష్‌లో రాసిపెట్టాడు. ఫ్రాన్సు, ఫ్లాండర్స్, ఆల్ప్స్ కొండలు, చివరికి రోము. ఓ’నీల్ 1616లో రోములోనే పోయాడు. పాల్ వాల్ష్ 1916లో ఈ రాతను ఇంగ్లిష్ అనువాదంతో అచ్చు వేస్తే, 1972లో ఓ ఫీయహ్ ఇంకొకరితో కలిసి మళ్లీ ఐరిష్ పాఠకుల కోసం తెచ్చారు. ఒక గురువు వదిలిన చోట ఇంకో గురువు ఎత్తుకున్నారు.

ఊరి చరిత్ర అనగానే బావిలో కప్ప గుర్తొస్తుంది కొందరికి. ఓ ఫీయహ్ విషయంలో అది అస్సలు నిజం కాదు. ఆయన 1960లో వేసిన మొదటి పుస్తకాల్లో ఒకటి ఐరోపాలోని ఐరిష్ పుణ్యస్థలాల గురించి. 615లో ఇటలీలోని బొబ్బియోలో చనిపోయిన ఐరిష్ సన్యాసి కొలంబానస్ మీద ఇంకో పుస్తకం. ఫ్యూస్ ఓ’నీల్ వంశం మీద ఆయన రాసిన సుదీర్ఘ వ్యాసాలు గ్లాస్‌డ్రమండ్ కోటలో మొదలై స్పెయిన్ దాకా వెళ్తాయి. ఒక చిన్న నేల నుంచి తరిమేసిన మనుషుల వెంట నడిస్తే ఐరోపా పటం అంతా తిరగాల్సి వస్తుంది. వలస పోయిన ఊళ్ల చరిత్ర ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

ఆయన పనిలో నిలిచే ముక్క ఏదంటే చాలామంది పుస్తకాల పేర్లు చెబుతారు. నిజానికి పత్రికకే ఎక్కువ మార్కులు వేయాలి. ఆర్మా మేత్రాసనం చరిత్ర సంఘం తరఫున 1954లో ‘షనఖస్ ఆర్డ్ వాఖా’ అనే పత్రిక మొదలైంది. ఆర్మా కథలు అనుకోవచ్చు. దానికి మొదటి సంపాదకుడు ఓ ఫీయహ్. ఆర్చిబిషప్ అయ్యేదాకా దాదాపు పాతికేళ్లు ఆ పని వదల్లేదు. ఇలాంటి పత్రిక నడపడం అంటే ఏంటో చేసినవాళ్లకే తెలుసు. ఒక పక్క రోము ఆర్కైవుల నుంచి తెచ్చిన లాటిన్ ఉత్తరాలు, ఇంకో పక్క ఊళ్లో రిటైరైన మాస్టారు పంపిన శ్మశానం రాళ్ల జాబితా. రెంటినీ ఒకే సంచికలో, ఒకే గౌరవంతో వేయాలి. పండితులకు రెండోది చిన్నతనంగా అనిపిస్తుంది, ఊరివాళ్లకు మొదటిది అర్థం కాదు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడమే సంపాదకుడి పని.

ఇంక భాష. ఆర్మా, లౌత్ ప్రాంతాల్లో మాట్లాడిన ఐరిష్ యాస 20వ శతాబ్దం మధ్యకల్లా చివరి ముసలివాళ్లతో పాటు అంతరించింది. మక్ కూయీ పాటలు పుట్టిన యాస అదే. ఓ ఫీయహ్ తరం వాళ్లు ఐరిష్‌ను డొనెగాల్‌కి పోయి, రన్ న ఫెర్‌స్తె లాంటి పల్లెల్లో నేర్చుకోవాల్సి వచ్చింది. సొంత ఊరి కవిత్వం చదవడానికి ఇంకో జిల్లా భాష నేర్చుకోవడం! ఈ అనుభవం ఉన్న మనిషి కాబట్టే డబ్లిన్ ప్రభుత్వం ఐరిష్ పునరుద్ధరణ కోసం వేసిన కమిషన్‌కు అధ్యక్షుడిగా 1959 నుంచి 1963 దాకా పనిచేశారు. కమిషన్ నివేదిక పెద్దదే. ఫలితం అంత పెద్దగా లేదు. సిఫార్సులు కాగితం మీద బాగానే కుదురుతాయి, పిల్లలతో ఇంట్లో ఏ భాష మాట్లాడాలో ఏ కమిషనూ నిర్ణయించలేదు.

1977 ఏప్రిల్‌లో అప్పటి ఆర్మా ఆర్చిబిషప్, కార్డినల్ విలియం కాన్వే చనిపోయారు. ఆగస్టులో ఆయన స్థానానికి ఓ ఫీయహ్ పేరు ప్రకటించారు. అప్పటికి ఆయన బిషప్ కూడా కాదు, కాలేజీ అధ్యక్షుడు మాత్రమే. ఐర్లండ్‌లో క్రైస్తవం నాటిన సెయింట్ ప్యాట్రిక్ కూర్చున్నాడని చెప్పుకునే పీఠం మీదికి ఒక చరిత్ర మాస్టారు, అదీ క్రాస్‌మగ్లెన్ మనిషి వచ్చి కూర్చున్నాడు. ఈ చివరి సంగతిలోనే టెన్షన్ అంతా ఉంది. అప్పటికే బ్రిటిష్ మంత్రి మెర్లిన్ రీస్ దక్షిణ ఆర్మాను దోపిడీ దొంగల సీమ అని పిలిచేశాడు. ఆ పేరు పత్రికలకు అంటుకుపోయింది. లోకానికి ఏ నేల బందిపోట్లదో, ఓ ఫీయహ్‌కి ఆ నేల కవులది. రెండు పటాలూ ఒకే చోటివి. ఈ రెండు పటాల మధ్య తేడాయే తర్వాత ఆయన ప్రతి వివాదానికీ మూలం.

1978 జనవరిలో ఒక డబ్లిన్ పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో బ్రిటన్ ఉత్తర ఐర్లండ్ నుంచి తప్పుకోవాలన్నది తన అభిప్రాయమని చెప్పారు. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు మండిపడ్డారు. అదే ఏడాది జూలై చివర్లో మేజ్ జైలుకు వెళ్లారు. 1976 మార్చి నుంచి ప్రభుత్వం రాజకీయ ఖైదీ హోదా తీసేసింది. దాంతో ఖైదీల దుస్తులు వేసుకోబోమని, బ్రిటిష్ పాలన పోవాలని పోరాడిన రిపబ్లికన్ ఖైదీలు దుప్పట్లు కప్పుకున్నారు. 1978 వసంతానికి గదులు కడగడం మానేసి, మలాన్ని గోడలకు పూసే దశకు వచ్చారు. వాళ్లలో ఆయన మేత్రాసనం పిల్లలు చాలామంది ఉన్నారు. బయటికొచ్చి, మనుషుల మాట అటుంచి జంతువునైనా అలా ఉంచరని ఆయన ప్రకటన ఇచ్చారు. తాను చూసిన వాటిలో దానికి దగ్గరగా వచ్చేది కలకత్తాలో మురుగు గొట్టాల్లో కాపురముండే ఇల్లులేని జనం అని అన్నారు.

ఆ పోలిక మనకు కాస్త గుచ్చుకుంటుంది. ఐరోపా వాళ్లు కష్టానికి కొలబద్ద కావాల్సి వస్తే కలకత్తా పేరే ఎత్తడం ఆ రోజుల్లో మామూలు. ఇక్కడ మాత్రం అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి. కలకత్తా గొట్టాల్లో ఉన్నవాళ్లకు వేరే దారి లేదు. జైల్లో ఉన్నవాళ్లు తమకు తాము ఎంచుకున్న నిరసన అది. బ్రిటిష్ అధికారులు అన్నదీ ఇదే: ఆ దుస్థితి తెచ్చుకున్నది ఖైదీలే. ఓ ఫీయహ్ ఈ తేడాను దాటవేశారు. ఎందుకంటే ఆయన ఆ కుర్రాళ్లను నేరం రికార్డుతో చూడలేదు, ఇంటిపేర్లతో చూశారు. ఆ ఇంటిపేర్లన్నీ ఆయన వంశవృక్షాల్లో ఉన్నవే. ఇంతమంది కుర్రాళ్లు మామూలు నేరగాళ్లయితే, పదేళ్లలోనే ఒక ప్రాంతం అంతా నేరగాళ్లను కనడం మొదలుపెట్టిందా అన్నది ఆయన తర్కం. చరిత్రకారుడి తర్కంగా అది బలమైనది. అదే సమయంలో, ఆ కుర్రాళ్ల చేతుల్లో చనిపోయినవాళ్ల ఇళ్లలో కూర్చుని వింటే వేరేగా వినిపిస్తుంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. బ్రిటిష్ పాలన మీద ఆయుధం పట్టిన ఐఆర్ఏ చేసిన హత్యలను ఆయన పదే పదే ఖండించారు. 1980లో ఆయన, డెరీ బిషప్ ఎడ్వర్డ్ డేలీ కలిసి జైలు సమస్య మీద బ్రిటిష్ మంత్రితో నెలల తరబడి మాట్లాడారు. ఆ చర్చలు తెగకపోవడంతో ఖైదీల నిరాహార దీక్షలు మొదలయ్యాయి. 1981లో పదిమంది చనిపోయారు, అందులో ఒకరు దక్షిణ ఆర్మాలోని కామ్‌లోవాడు. రెండు వైపులా నమ్మని మధ్యవర్తిగా ఆయన మిగిలిపోయారు.

ఆ రోజుల్లోనే ఆయన చరిత్ర జ్ఞానం అక్కరకొచ్చిన సందర్భం ఒకటి ఉంది. 1979 సెప్టెంబర్‌లో పోప్ రెండో జాన్ పాల్ ఐర్లండ్ వచ్చారు. ఆర్మాకి రావాలన్న ఆలోచన ఉండేది. ఆగస్టు 27న మౌంట్‌బాటన్ హత్య, అదే రోజు సరిహద్దు దగ్గర పద్దెనిమిది మంది సైనికుల మరణం. పోప్ ఉత్తరానికి రావడం కుదరలేదు. కానీ ఆర్మా మేత్రాసనం సరిహద్దు కన్నా శతాబ్దాల పాతది, దక్షిణాన డ్రాహెడా దాకా సాగుతుంది. సెప్టెంబర్ 29న పోప్ డ్రాహెడాలో ప్రసంగించారు. సరిహద్దు దాటకుండానే ఆర్మాకి వచ్చినట్టయింది. 1681లో లండన్‌లో ఉరి తీసి ముక్కలు చేసిన ఆర్మా ఆర్చిబిషప్ ఆలివర్ ప్లంకెట్ తల భద్రంగా ఉన్నది కూడా ఆ డ్రాహెడాలోనే. 1975లో ప్లంకెట్‌ను పునీతుడిగా ప్రకటించినప్పుడు ఆయన మీద పుస్తకం రాసింది ఓ ఫీయహే.

అయితే ఈ జ్ఞానానికి ఒక వైపు చూపు తక్కువ. క్రామ్‌వెల్ భూములు లాక్కున్న సంగతి ఆయన పటంలో ముదురు సిరాతో ఉంది. 17వ శతాబ్దం నుంచి అదే నేలను దున్నుతూ, అక్కడే పుట్టి, అక్కడే చచ్చిన ప్రొటెస్టంట్ రైతుల సంగతి లేత సిరాతో ఉంది. మూడు వందల ఏళ్లు ఒక చోట ఉన్నాక ఎవరైనా ఆ చోటివాళ్లే. 1976 జనవరి 4న దక్షిణ ఆర్మాలోనూ, దాని పక్కనే కౌంటీ డౌన్‌లోనూ ఇళ్లలోకి చొరబడి చేసిన కాల్పులకు ఆరుగురు కేథలిక్కులు బలయ్యారు. మర్నాడే కింగ్స్‌మిల్ దగ్గర పనినుంచి ఇంటికి పోతున్న పదిమంది ప్రొటెస్టంట్ కార్మికులను వ్యానులోంచి దింపి కాల్చేశారు. ఈ పదహారు మంది కథా ఒకే ప్రాంతపు షనఖస్. ఒక సమాజం జ్ఞాపకాన్ని లోతుగా తవ్వేవాడికి పక్క సమాజం జ్ఞాపకం మట్టికుప్పలా కనిపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఓ ఫీయహ్ ఆ ప్రమాదాన్ని పూర్తిగా తప్పించుకున్నారని చెప్పలేం.

చిత్రమేంటంటే, దీనికి విరుగుడు ఆయన సొంత పరిశోధనలోనే ఉంది. ఫోర్క్‌హిల్ ప్రాంతంలో రాళ్లు చెక్కి గోడలు కట్టే ఆర్ట్ మక్ బినీడ్ అనే 19వ శతాబ్దపు కవి ఉండేవాడు. పాత చేతిరాత ప్రతులు కూడబెట్టి, నకళ్లు రాసి కాపాడాడు. అతని పాటలనూ ఓ ఫీయహ్ సహసంపాదకుడిగా 1979లో వేశారు. ఈ రాతిపనివాడితో ఉత్తరాలు నడిపి, ప్రతులు సేకరించినవాళ్లలో బెల్‌ఫాస్ట్‌లో ఇనుప ఫౌండ్రీ నడిపిన రాబర్ట్ మెకాడమ్ ఒకరు. మెకాడమ్ ప్రెస్బిటేరియన్, అంటే ప్రొటెస్టంట్లలో ఒక శాఖవాడు. ఉత్తర ఐర్లండ్ ఐరిష్ సాహిత్యంలో ఎంతో భాగం ఆయన బీరువాల పుణ్యాన బతికింది. మక్ కూయీ పాటల్లోనూ ఒక విచిత్రమైనది ఉంది. కేథలిక్ గుడి, ప్రొటెస్టంట్ గుడి వాదులాడుకునే పాట. కేథలిక్ గుడి ఐరిష్‌లో మాట్లాడుతుంది, ప్రొటెస్టంట్ గుడి ఇంగ్లిష్‌లో జవాబిస్తుంది. రెండూ ఒకే పాటలో, ఒకే రాగంలో. కవికి రెండు భాషలూ చెవిలో పడుతున్నాయన్నమాట. ఈ పాటను అచ్చు వేసిన సంపాదకుడు, అందులోని రెండో గొంతును కార్డినల్‌గా ఇంకాస్త ఎక్కువ విని ఉంటే బాగుండేదని అనిపిస్తుంది.

1990 మేలో ఆయన మేత్రాసనం యాత్రికులతో ఫ్రాన్సులోని లూర్దుకు వెళ్లారు. అక్కడ ఒంట్లో బాగాలేక టూలూజ్ ఆస్పత్రికి తీసుకెళ్తే మే 8న గుండెపోటుతో పోయారు. 66 ఏళ్లు. 1999లో ఆర్మాలో ఆయన పేరుతో ఒక లైబ్రరీ, ఆర్కైవు తెరిచారు. ఆయన పుస్తకాలు, కాగితాలతో పాటు అక్కడ ఇంకో నిధి ఉంది. లూయీ ఓ’కేన్ అనే గురువు 1960ల్లో టేప్ రికార్డర్ పట్టుకుని ఉత్తరాదిలో 1916 నుంచి 1923 దాకా ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్ల ఇళ్లకు తిరిగి వాళ్ల గొంతులు రికార్డు చేశారు. ఆ టేపులన్నీ ఆ లైబ్రరీలోనే ఉన్నాయి. ఇది కూడా ఒక గురువు చేసిన పనే.

క్రెగాన్ శ్మశానం విషయం ఒకటి మిగిలింది. అది కేథలిక్కుల శ్మశానం కాదు. అక్కడున్నది చర్చ్ ఆఫ్ ఐర్లండ్ గుడి, అంటే ప్రొటెస్టంట్లది. ఐరిష్ కవులు, ఫ్యూస్ ఓ’నీల్ దొరలు, తర్వాత వచ్చిన ఇంగ్లిష్ భూస్వాములు అందరూ ఆ ఒక్క గోడ లోపలే ఉన్నారు. 1970ల మొదట్లో అక్కడ ఓ’నీల్ వంశం నేలమాళిగ సమాధి అనుకోకుండా బయటపడింది. లోపల పదుల సంఖ్యలో పుర్రెలు. మక్ కూయీ పాట పుస్తకంగా వచ్చిన రోజుల్లోనే, అతను ఎవరి కోసం ఏడ్చాడో వాళ్ల ఎముకలు కూడా వెలుగు చూశాయి. మక్ కూయీని కోరుకున్నట్టే క్రెగాన్‌లో పూడ్చారు. ఓ ఫీయహ్ సమాధి మాత్రం అక్కడ లేదు. ఉత్తరంగా, ఆర్మాలో, ఆర్చిబిషప్పుల వరసలో, కేథలిక్ కెథడ్రల్ ఆవరణలో ఉంది.